గీకింది అంగుళం, వేసింది అంగుళంన్నర పైనే. మేయర్ని అడగొచ్చా?

ఐదు మెట్ల ఇల్లు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది చెన్నై, ఉత్తరం వైపు. వీధి పేరు, వార్డు నంబరు రాయను. నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునేవాళ్లలో సగం మందికి ఎవరో ఒక చుట్టం ఏదో ఒక ఆఫీసులో ఉన్నాడు. గిరాకీ పోగొట్టుకునే వయసు కాదు నాది.

మా మామగారు ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, ఫిట్టరుగా చేశారు. 1974లో ఈ ఇల్లు కట్టించినప్పుడు వీధిలోంచి గడపకు ఐదు మెట్లు. నేను 1986లో కాపురానికి వచ్చేటప్పటికి నాలుగు, దాని కింద ఇంకోటి సగం కనబడేది. ఇప్పుడు రెండే మిగిలాయి. మెట్లు ఎవరూ కొట్టెయ్యలేదు. వీధే పైకొచ్చింది. పాత తారు తియ్యకుండా దాని మీదే కొత్త తారు, మళ్లీ దాని మీద ఇంకోటి, అట్టు మీద అట్టు పోసినట్టు. 2015 డిసెంబరు వానలకి నీళ్లు గడప కింద ఆగాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి లోపలికే వచ్చేశాయి. మిషన్ మోటారు పోయింది. ఒక పెళ్లివారి బ్లౌజులు 11 బురదనీళ్లలో నానాయి. వాటికి నేను ఇచ్చుకున్న డబ్బులు వేరే కథ.

2021 మే నెలలో అప్పటి చీఫ్ సెక్రటరీ ఇరై అన్బు గారు ఒక ఆర్డరు వేశారు. పాత పొర గీకి తీసేశాకే కొత్తది వెయ్యాలి, ఇళ్లకంటే రోడ్డు ఎత్తు పెరగకూడదు అని. ఆ పేపరు ముక్క కత్తిరించి మిషన్ సొరుగులో పెట్టుకున్నాను, ఇప్పటికీ ఉంది. అందుకే పోయిన నెల మా వీధికి రోడ్డు వచ్చిందనగానే సంతోషపడ్డాను.

పని రాత్రి పదకొండు దాటాక మొదలుపెట్టారు. నాకు నిద్ర తక్కువ, టేపు ఎప్పుడూ మెడలోనే. గీకకముందు సాయంత్రం గడప అంచు నుంచి రోడ్డు దాకా టేపు వదిలి చూశాను, 13½ అంగుళాలు. గీకి ఊడ్చాక మర్నాడు పొద్దున చూశాను, 14½. అంటే గీకింది 1 అంగుళం. రెండు రోజులాగి తారు పోసి రోలర్ తిప్పి వెళ్లాక చూస్తే 13కి ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) తక్కువ. అంటే వేసింది అంగుళంన్నర మీద ఒక నూలు. మొత్తానికి వీధి ఇంకో ఐదు నూళ్లు పైకొచ్చింది. బ్లౌజు చంక దగ్గర రెండు నూళ్లు తేడా వస్తే కస్టమర్ దాన్ని నా మొహాన కొడుతుంది. కాంట్రాక్టర్ తాలూకు కుర్రాడు మాత్రం నేను వంగి కొలుస్తుంటే "ఏం పాట్టీ (అవ్వా), రోడ్డుకి జాకెట్ కుడతావా?" అని నవ్వాడు. కొలతలన్నీ బ్లౌజుల పుస్తకంలోనే రాసుకున్నాను, తేదీ వేసి.

కార్పొరేషన్ ఇంజినీరుని అడిగితే మర్యాదగానే మాట్లాడారు. "40 మిల్లీమీటర్లు గీకాం, 40 వేశాం, ఎం బుక్‌లో ఎక్కించాం" అన్నారు. ఎం బుక్ అంటే చేసిన పని కొలతలు రాసే ఆఫీసు పుస్తకం. ఆ ఎం బుక్ చూపించమంటే "అది పబ్లిక్‌కి చూపించేది కాదమ్మా" అన్నారు. కౌన్సిలర్ దగ్గరికి పోతే ఆయన బాధ ఇంకోటి. "ఈ రోడ్డు నేనసలు అడగలేదు. నేనడిగింది వెనక వీధి, అక్కడ డ్రైనేజీ పొంగుతోంది. ఇది పైనుంచి వచ్చిన పని, నా ఫండ్ కాదు." పైన అంటే కార్పొరేషన్ జోన్ ఆఫీసు. జోన్‌లో అడిగితే ఇంకా పైన. ఫిర్యాదు పెడితే మూడో రోజు "పరిష్కరించాం" అని మెసేజ్ వచ్చింది, ఫొటోతో సహా. ఫొటోలో కొత్త రోడ్డు నిగనిగలాడుతోంది. మూలన మా గడప కూడా ఉంది.

ఇప్పుడు నా ప్రశ్న. ఆ ఎం బుక్ నాలాంటిది అడిగితే చూపించాలా వద్దా? ఇంకోటి, కౌన్సిల్ మీటింగుల్లో రోడ్ల డబ్బు గురించి గొడవ మామూలే. మాకు చెప్పకుండా మా వార్డులో పని చేస్తున్నారని కౌన్సిలర్లు అరుస్తారు, ఆఫీసర్లు కిలోమీటర్లు చదువుతారు, మేయరు చర్య తీసుకుంటామంటారు. చివరికి జవాబు చెప్పాల్సింది ఎవరు? నేను మేయర్‌కే ఉత్తరం రాద్దామనుకుంటున్నా. మా అబ్బాయి "అమ్మా, రోడ్డు బిల్లు మీద మేయర్ సంతకం ఉండదు" అంటాడు. వాడికి అన్నీ తెలుసు, ఇంటికి మాత్రం రాడు. తెలిసినవాళ్లు చెప్పండి. మాది మద్రాసు తెలుగు, తప్పులుంటే సర్దుకోండి.


మూడో అంతస్తు

ఐదు నూళ్లకి ఇంత పోస్టా అమ్మా! మా వైపు సందుల్లో అసలు తారే లేదు. ఇంకో మాట చెప్తే కోపం తెచ్చుకోకండి. బండి ఎక్కించడానికి ప్రతి ఇంటివాళ్లూ కాలవ మీదుగా రోడ్డులోకి సిమెంటు ర్యాంపు దింపేస్తారు. నీళ్లు పోకపోవడానికి సగం కారణం అదే. ముందు అవి తీయించండి, మేయర్ని తర్వాత అడుగుదురు.


ఐదు మెట్ల ఇల్లు

మా ర్యాంపు 2023 తుపాను తర్వాత మేమే కొట్టించేశాం బాబూ. పక్కింటివాళ్లది ఉంది, ఆ పక్కవాళ్లదీ ఉంది, మీరన్నది నిజమే. కానీ ర్యాంపు కట్టినవాడు దానికి ఎవరి దగ్గరా బిల్లు తీసుకోలేదు కదా.


తారు చేతులు

అక్కా, మాది నెల్లూరు జిల్లా. 2001 నుంచి చెన్నైలో రోడ్డు పనుల్లోనే బతికాను. మొదట పార పట్టాను, తర్వాత మేస్త్రీ, ఆఖర్న సూపర్‌వైజర్. మోకాళ్లు పోయి మానేశాను. కాబట్టి నాకు ఎవరి భయమూ లేదు, ఎవరి మీద కోపమూ లేదు.

ముందు మీ కొలతలో లోపం చెప్తాను. మీరు కొలిచింది గడప పక్కన, అంటే రోడ్డు అంచున. రోడ్డుకి నడుమ ఎత్తు, అంచులకి వాలు ఉంటుంది, క్యాంబర్ అంటారు. గీకే మిషన్ కూడా నడుమ బాగా గీకుతుంది, అంచుకి వచ్చేసరికి బండ్లు నిలబెట్టి ఉంటాయి, మ్యాన్‌హోల్ మూతలుంటాయి, ఇళ్లకి పోయే నీళ్ల పైపులు పైపైనే ఉంటాయి. పైపు పగిలితే ఆ రాత్రంతా దానితోనే సరి. అందుకని ఆపరేటర్ గీకే డ్రమ్ము కాస్త ఎత్తేస్తాడు. నేనే ఎత్తమని చెప్పిన రాత్రులున్నాయి, అబద్ధం ఎందుకు. కాబట్టి ఇంజినీరు మిమ్మల్ని అడిగే మొదటి మాట "నడుమ కొలిచారా?" అనే. ఈసారి కొలిస్తే రెండంచులూ నడుమా, మూడు చోట్ల కొలవాలి. గడప నుంచి గడపకి ఒక తాడు బిగించి కట్టి, ఆ తాడు నుంచి కిందికి టేపు వదలండి. మాకు నేర్పిందీ అదే.

ఇప్పుడు అసలు సంగతి. ఎవరో ఒకరు మీకు "కోర్ తీయించండి" అని సలహా ఇస్తారు. గుండ్రంగా కోసి ముక్క తీసి మందం చూసే పరీక్ష. అది పనికొచ్చేది వేసిన తారుకే. 40 వేశారా 30 వేశారా చెప్తుంది. గీకింది ఎంతో అది చెప్పలేదు. గీకిన లోతుకి సాక్ష్యం, గీకడానికీ వెయ్యడానికీ మధ్య ఉన్న ఆ రెండు రోజులే. మీద తారు పడిందా, ఇక పూడ్చిపెట్టినట్టే. అందుకే వేసే దగ్గర జాగ్రత్తగా ఉంటారు, గీకే దగ్గర చెయ్యి జారుతుంది. మీ లెక్కా అలాగే ఉంది చూడండి. వేసింది 41 మిల్లీమీటర్లు, అక్కడ ఒక్క నూలు తగ్గలేదు. గీకింది 25. తగ్గిందంతా ఇక్కడే.

మీ వీధి పొడుగెంతో నాకు తెలీదు. 140 మీటర్ల పొడుగు, నాలుగున్నర మీటర్ల వెడల్పు అనుకోండి. 15 మిల్లీమీటర్లు గీకకుండా వదిలితే 9 ఘనమీటర్ల పైన. దాదాపు ఒక పెద్ద టిప్పర్ లోడు. ఒక్క వీధికి. ఆ లోడు గీకలేదు, ఎత్తలేదు, మొయ్యలేదు, డీజిలు కాలలేదు. కాగితం మీద మాత్రం అన్నీ జరిగినట్టే.

కాంట్రాక్టర్లందరూ దొంగలు అనను. పోటీలో మరీ తక్కువకి కోట్ చేస్తారు, బిల్లు నెలల తరబడి రాదు, వడ్డీ పెరుగుతుంది, ఎక్కడో ఒకచోట లాగాలి కదా అనుకుంటారు. అది తప్పు కాదని అనడం లేదు. ఎక్కడ లాగుతారో మాత్రం మీరు సరిగ్గా పట్టుకున్నారు. ఆ జాకెట్ అన్న కుర్రాడికి ఈ పోస్టు చూపించాలి.


మడివాళ మలుపు

అక్కయ్య గారూ, నేను బెంగళూరు. సొంతూరు మదనపల్లె దగ్గర, ఇక్కడ 14 ఏళ్లుగా క్యాబ్. మీకు ఉత్తరం రాయడానికి ఒక మేయరైనా ఉన్నారు. మాకు 2020 సెప్టెంబరు 10న పాత బీబీఎంపీ (బెంగళూరు కార్పొరేషన్) కౌన్సిల్ గడువు తీరింది. 198 మంది కార్పొరేటర్లు ఆ రోజుతో మాజీలయ్యారు. ఆ తర్వాత ఎన్నికలు జరపకుండానే ఐదేళ్లు గడిచిపోయాయి. 2025 సెప్టెంబరులో దాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టారు, పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దానికి అధ్యక్షుడు ముఖ్యమంత్రి. మా సందులో గుంతకి ముఖ్యమంత్రి దాకా పోవాలన్నమాట.

మేయర్లు ఉన్నప్పుడు మాత్రం ఏం ఒరిగింది అంటారా? అప్పట్లో మేయర్ పదవి ఏడాదే. పేరు నోరు తిరిగేలోగా మారిపోయేవారు. పదకొండో నెలలో ఏదైనా అడిగితే "కొత్తవాళ్లు చూస్తారు" అనేవాళ్లు. కొత్తవాళ్లని అడిగితే "ఇప్పుడేగా వచ్చాం".

కానీ కార్పొరేటర్ వేరు. ఆయన పొద్దున ఇడ్లీ తినే హోటల్ తెలుసు మాకు. నచ్చకపోతే అక్కడే, సాంబారు ముందరే నిలదీసేవాళ్లం. కౌన్సిల్ పోయాక ఆఫీసరుకి ఫోన్ చేస్తే ఇంకో నంబరు ఇస్తారు, ఆ నంబరు వాళ్లు మొదటి నంబరే ఇస్తారు.

మా ఊళ్లో బాదల్ నంజుండస్వామి అని ఒక ఆర్టిస్టు ఉన్నారు. 2015లో నీళ్లు నిండిన పెద్ద గుంతలో మొసలి బొమ్మ పెట్టారు. 2019లో వ్యోమగామి వేషం వేయించి గుంతల రోడ్డు మీద చంద్రుడి మీద నడిచినట్టు నడిపించి వీడియో తీశారు. ఊరంతా చూశారు, ఆ రోడ్డు వెంటనే బాగుచేశారు. అంటే డబ్బు లేక కాదు, మనుషులు లేక కాదు. మీరు టేపుతో కొలుస్తున్న వీడియో ఒకటి తీయించి పెట్టండి అక్కయ్యా, ఉత్తరం కంటే తొందరగా పోతుంది.


పాత గుమస్తా

అమ్మా, నేను ఆంధ్రలో ఒక మునిసిపాలిటీ అకౌంట్స్ సెక్షన్‌లో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా అమ్మాయి దగ్గర టీ నగర్‌లో ఉంటున్నాను. ఊరు మారినా బిల్లు నడిచే దారి పెద్దగా మారదు.

మీ అబ్బాయి చెప్పింది సగం నిజం. మేయరు కౌన్సిల్‌కి అధ్యక్షత వహిస్తారు. పని చేయించే అధికారం కమిషనర్‌ది, ఆయన రాష్ట్ర ప్రభుత్వం పంపిన ఐఏఎస్ ఆఫీసరు. బిల్లు మీద సంతకాలన్నీ ఆఫీసర్లవే. కానీ ఒక హద్దు దాటిన పనులు కౌన్సిల్ ముందు తీర్మానంగా వస్తాయి, ఆ కుర్చీలో కూర్చున్నది మేయరు. కాబట్టి "బిల్లు మీద నా సంతకం లేదు" అనొచ్చు గాని "నాకు తెలీదు" అనడానికి లేదు. కౌన్సిలర్ ఆఫీసర్ని చూపిస్తాడు, ఆఫీసరు తీర్మానాన్ని చూపిస్తాడు, తీర్మానానికి చేతులెత్తింది మళ్లీ కౌన్సిలర్లే. తిలాపాపం తలా పిడికెడు.

ఇంకో చిక్కు ఉంది. చెన్నైలో మేయర్ని జనమే నేరుగా ఎన్నుకున్నది 1996లో, 2001లో, మళ్లీ 2011లో. మొదటి రెండుసార్లు స్టాలిన్ గారు, 2011లో సైదై దురైసామి గారు. 2006లోనూ 2022లోనూ కౌన్సిలర్లే ఎన్నుకున్నారు. 2016 నుంచి 2022 దాకా కౌన్సిలే లేదు, అంటే బెంగళూరు తమ్ముడి అవస్థ మీరూ పడ్డారు, మర్చిపోయారంతే. నేరుగా ఓటేసిన మేయరు అయితే మీకు జవాబు చెప్పాలి. కౌన్సిలర్లు ఎన్నుకున్న మేయరు కౌన్సిలర్లకి చెప్పాలి. కాబట్టి మీ ఉత్తరం మేయర్‌కి రాయండి, నకలు కౌన్సిలర్‌కి ఇచ్చి "దీన్ని కౌన్సిల్లో ప్రశ్నగా అడగండి" అని రాయించుకోండి. "నా ఫండ్ కాదు" అన్నాడే, అది నిజమే కావచ్చు. ఒక్కో కౌన్సిలర్‌కి వార్డు నిధి 2025-26 బడ్జెట్‌లో 60 లక్షలు చేశారు. మీ రోడ్డు అందులోది కాకపోవచ్చు, ప్రభుత్వ పథకం డబ్బు కావచ్చు. అయినా తన వార్డులో పడిన రోడ్డు గురించి ప్రశ్న అడగడానికి ఫండ్ తనది కానక్కర్లేదు.

ఎం బుక్ పబ్లిక్‌కి చూపించేది కాదన్నమాట తప్పు. 2005 సమాచార హక్కు చట్టం, సెక్షన్ 2లో (జె) చూడండి. కాగితాల నకళ్లే కాదు, పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సరుకు నమూనా సర్టిఫై చేయించి తీసుకునే హక్కు కూడా అందులో రాసి ఉంది. దరఖాస్తు తమిళంలోనో ఇంగ్లీషులోనో రాయండి, తెలుగు పనికిరాదు. 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించండి. ఎస్టిమేట్, వర్క్ ఆర్డర్, ఎం బుక్‌లో మీ వీధి పేజీలు, డిఫెక్ట్ లయబిలిటీ (రోడ్డు చెడితే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన గడువు) ఎప్పటిదాకా, ఇవి అడగండి. "ఎందుకు ఇలా చేశారు" అని అడక్కండి, దానికి జవాబు రాయరు. కాగితం పేరు చెప్పి అడిగితేనే కాగితం వస్తుంది. గడువు 30 రోజులు.

పుస్తకం చేతికొచ్చాక అంకెలు చూడొద్దు, అవి సరిగ్గానే ఉంటాయి. తేదీ చూడండి. ఎం బుక్ పేజీలకి నంబర్లుంటాయి, చింపడానికి లేదు, కొట్టివేస్తే పక్కన పొట్టి సంతకం ఉండాలి. మా మునిసిపాలిటీలో ఒకసారి రోడ్డు కొలిచిన తేదీ చూస్తే తుపాను రోజు. ఆ రోజు ఊళ్లో బస్సు కదల్లేదు, మా ఆఫీసు పైకప్పు రేకే ఎగిరిపోయింది. ఈయన మాత్రం టేపు పట్టుకుని 300 మీటర్లు కొలిచాడట! ఆ ఒక్క తేదీతో బిల్లు ఆపాను. నాతో మూడు నెలలు ఎవరూ టీ తాగలేదు.

మీ విషయంలో గీకిన కొలత తేదీ ఆ రెండు రోజుల మధ్యే ఉండాలి. తారు చేతులు గారు చెప్పింది అదే, ఆయన రోడ్డు మీదినుంచి చెప్పారు, నేను కాగితం మీదినుంచి చెప్తున్నాను.

చెన్నై కార్పొరేషన్ ఆఫీసు ఉన్న రిప్పన్ బిల్డింగ్‌కి వెళ్తే ముందర పిట్టి త్యాగరాయ చెట్టి గారి విగ్రహం ఉంటుంది. తెలుగువాడు, ఈ కార్పొరేషన్‌కి అధ్యక్షుడుగా చేసినవాడు, నేనుంటున్న టీ నగర్ ఆయన పేరే. ఆయన కాలంలో కౌన్సిల్లో రోడ్ల గొడవ లేదని మాత్రం అనుకోకండి.


ఐదు మెట్ల ఇల్లు

అందరికీ దండాలు. తారు చేతులు తమ్ముడూ, నడుమ కొలవలేదు, నా తప్పే. కింద పడుకుని కొలవాల్సిన వయసు కాదు కదా అని అంచుతో సరిపెట్టాను. తాడు ఉపాయం బాగుంది. గుమస్తా గారూ, దరఖాస్తు మా ఎదురింటి అమ్మాయి తమిళంలో రాసిపెట్టింది, రేపు స్టాంపు కొంటాను. వీడియో మాత్రం నావల్ల కాదు, బెంగళూరు బాబూ. వంగితే లేవడానికే గోడ కావాలి.


ఐదు మెట్ల ఇల్లు (ఏడు వారాల తర్వాత)

ఏమైందని ఇద్దరు ముగ్గురు అడిగారు, చెప్తాను.

28వ రోజున రమ్మన్నారు. చిన్న గది, ఫ్యాను తిరగడం లేదు, బల్ల మీద ఎం బుక్. పొడుగాటి పుస్తకం, అట్ట నలిగింది. నా పుస్తకం లాగానే ఉంది అనుకున్నాను, ఎడమ పక్క వివరం, కుడి పక్క అంకెలు. గుమస్తా గారు చెప్పినట్టు అంకెలు వదిలేసి తేదీ చూశాను. మిల్లింగ్ (గీకుడు) కొలత అని రాసిన తేదీ, మా వీధిలో తారు పోసిన మర్నాటిది. నా పుస్తకంలో తారు పోసిన తేదీ ఉంది, ఆ రోజు పొగకి దగ్గు వచ్చి మందు కొన్న చీటీ కూడా ఉంది. గీకిన లోతు తారు కిందికి ఎలా చూశారు సార్ అని అడిగాను. "అది ఎంట్రీ వేసిన తేదీ, కొలిచిన తేదీ కాదు" అన్నారు. కావచ్చు కూడా. నేనూ ఒక్కోసారి కొలతలు చీటీ మీద రాసుకుని మర్నాడు పుస్తకంలో ఎక్కిస్తాను. అయితే ఆ చీటీ చూపించండి అన్నాను. చీటీ లేదు. పేజీ నకలు తీసుకున్నాను.

తర్వాతి ఏరియా సభలో (వార్డు జనంతో పెట్టే మీటింగు) ఆ నకలు తీశాను. ఉన్నది ముప్పై మంది, అందులో సగం చెత్తబండి రావడం లేదని చెప్పడానికి వచ్చినవాళ్లు. కౌన్సిలర్ కాగితం నా చేతిలోంచి లాక్కున్నంత పని చేశారు. "చూశారా, నన్ను అడక్కుండా వేసిన రోడ్డు ఎలా వేశారో" అని ఇంజినీరు మీద లేచారు. ఇంజినీరు "మీరడిగిన రోడ్డు ఎస్టిమేట్ పోయిన ఏడాదే పంపాను, డబ్బు పైనుంచి రాలేదు" అన్నారు. ఇరవై నిమిషాలు వాళ్లిద్దరే. మా వీధి కోసం అరుస్తున్నారో వెనక వీధి కోసం అరుస్తున్నారో నాకు తేలలేదు. కానీ కౌన్సిలర్ ఆ నకలు మీద కౌన్సిల్లో అడుగుతానని రాసి సంతకం పెట్టారు. ఎదురింటి అమ్మాయి ఫొటో తీసింది. మేయర్‌కి ఉత్తరం కూడా ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకున్నాను. జవాబు ఇంకా లేదు. బిల్లులో గీకిన పనికి కోత వేస్తామని నోటితో అన్నారు, కాగితం మీద చూసేదాకా నమ్మను.

మూడో అంతస్తు బాబూ, పక్కింటివాళ్లు ర్యాంపు తీసేశారు. నేనేమీ అనలేదు, వాళ్ల కోడలు మీ జవాబు చదివిందట.

అసలు చెప్పాల్సింది ఇది. వెనక వీధికి రోడ్డు వచ్చింది, కౌన్సిలర్ అడిగినదే. పోయిన వారం గీకకముందు తాడు కట్టాం, గడప నుంచి గడపకి, నాలుగు చోట్ల. ఒక్కోచోట మూడు కొలతలు. గోడల మీద ఎర్ర పెయింటుతో గుర్తులు పెట్టాం. నేను కుర్చీ వేసుకుని రాశాను, వంగింది ఎదురింటి అమ్మాయి. గీకాక మళ్లీ అవే చోట్ల. మూడుచోట్ల 40 వచ్చింది, ఒకచోట 30 వస్తే ఇంజినీరే మిషన్ వెనక్కి తిప్పించారు. జాకెట్ అన్న కుర్రాడు ఈసారి తాడు పట్టుకున్నాడు, బాగానే బిగించాడు.

చివర్న పుస్తకంలో సంతకం పెట్టమంటే కౌన్సిలర్ పెట్టారు. ఇంజినీరు కాసేపు ఆలోచించి పెట్టారు. పెడుతూ, "ఇక్కడ పైన 36 అని ఉంది, ఇది ఏ గడపదమ్మా?" అన్నారు. అది గడప కొలత కాదు సార్, మూలింటావిడ బ్లౌజు. దీపావళికి కావాలంది, ఈ రోడ్డు గోలలో ఇంకా గుడ్డ కత్తిరించనేలేదు.